తప్పు కట్టే తీరిక: నల్లగొండ, పాలమూరు మగ్గాలపై కళాశిక్షణ చరిత్ర

కృష్ణా, తుంగభద్ర, మూసీ నదులు చుట్టూ పారుతున్నా ఆ నీరు పొలాలకు ఎక్కడం ఇటీవలి మాటే గనుక, ఎర్రచెల్కలూ రాతిగుట్టలూ నిండిన నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల పల్లెలు తరతరాలుగా వానను నమ్ముకున్న సేద్యంతో పాటు వానతో నిమిత్తం లేని చేతిపనులను కూడా ఆధారం చేసుకుని బతికాయి. ఆ పనులలో ఎక్కువ ఇళ్లకు కూడు పెట్టినది, ఆ ప్రాంతపు పేరును దూరదేశాలకు మోసినది నేత. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోకి చేరగా, నారాయణపేట 2019లో తానే ఒక జిల్లా అయింది. ఈ ఊళ్ల పేర్లన్నీ ఈనాడు చీరల పేర్లుగానే చెలామణి అవుతున్నాయి. అయితే ఆ చీరలను నేసినవారు ఆ విద్యను ఎవరి దగ్గర, ఏ పద్ధతిలో నేర్చుకున్నారు, తండ్రి నేసిన దానినే తిరిగి నేసే దశ నుండి ఇది ఫలానా వారి పని అని చూడగానే గుర్తుపట్టగల దశకు ఏ శిక్షణ వారిని చేర్చింది అన్న ప్రశ్నలకు చరిత్రకారులు ఇచ్చిన శ్రద్ధ తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

కవికి గొంతు ఉన్నట్టే నేతగానికీ ఒక గొంతు ఉంటుంది. నేతవాడల వ్యవహారంలో దానిని సూచించే మాట ‘పనితనం’. పోగు తెగకుండా, అంచు వంకర పోకుండా, నేత బిగువు మొదటి గజం నుండి చివరి గజం వరకు ఒకే తీరుగా నిలపడం పనితనంలో మొదటి మెట్టు మాత్రమే. వన్నెల ఎంపికలో, పువ్వుకూ పువ్వుకూ మధ్య వదిలే ఖాళీలో, అంచుకూ కొంగుకూ కుదిర్చే పొందికలో ఒక మనిషి ఆలోచన కనిపించడం రెండవ మెట్టు. మొదటిది అభ్యాసం వల్ల చాలామందికి అబ్బుతుంది. రెండవది కొందరికే ఎందుకు అబ్బిందో తెలియాలంటే ఆ కొందరికి దొరికిన చదువు ఎలాంటిదో చూడాలి.

నేత ఇంట బిడ్డకు తొలి బడి ఇల్లే. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం, అంటే పేక నూలును నాడెలో ఇమిడే చిన్న గొట్టాలకు ఎక్కించడం, పిల్లలకు మొదట అప్పజెప్పే పని. తరువాత తెగిన పోగు అతకడం, వీధిలో పొడుగునా పడుగు చాచి గంజి పెట్టి కుంచె పట్టడంలో పెద్దలకు చేయి అందించడం, చివరికి గుంటమగ్గంలోకి దిగి కూర్చోవడం వరుసగా వస్తాయి. మగ్గంపై నిలువుగా సాగే పోగులను పడుగు అనీ, వాటి మధ్య నుండి అడ్డంగా నాడె మోసుకుపోయే పోగును పేక అనీ అంటారు. ఈ బడిలో పాఠం మాటలతో సాగదు. తల్లి చేతి కదలికను చూసి బిడ్డ చేయి కదులుతుంది, తప్పు జరిగితే తండ్రి పోగు విప్పి మళ్లీ కట్టి చూపుతాడు. ఇటువంటి చదువు వేళ్లకు ఇచ్చే జ్ఞాపకం ఏ సంస్థా ఇవ్వలేనిది. కాని దానికి ఒక హద్దు ఉన్నది: ఇంట్లో ఉన్న నమూనాలకు మించి అది మరొకటి చూపలేదు, ఇంటి గంజి ఆ వారం చీర మీద ఆధారపడి ఉన్నంతకాలం కొత్తదాన్ని ప్రయత్నించే వెసులుబాటును ఇవ్వలేదు.

నల్లగొండ మగ్గాలకు ఈనాటి గుర్తింపు తెచ్చిన విద్య అక్కడ పుట్టినది కాదు, సముద్రతీరం నుండి వచ్చినది. చీరాల నేతగాళ్లు తేలియా రుమాళ్లు నేసేవారు. సుమారు గజంపావు చదరంగా ఉండే ఆ వస్త్రం అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు ఎగుమతి అయ్యేది; తలపాగాగా, భుజంమీది గుడ్డగా, లుంగీగా వాడేవారు. 1915 ప్రాంతంలో ఆ పని పోచంపల్లికి చేరిందని నేతవాడల్లో తరతరాలుగా చెప్పుకుంటున్న మాటనే పరిశోధకులూ స్వీకరించారు. పేరులోని ‘తేల్’ అనే హిందుస్తానీ మాటకు నూనె అని అర్థం. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదను నీట కలిపి తేర్చిన క్షారజలంలోనూ ముంచి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ ముంచే పని రెండు మూడు వారాలు సాగుతుంది. అంతసేపు నానిన నూలు ఎరుపును లోతుగా పట్టుకుంటుంది, బట్ట మెత్తబడుతుంది, నూనె వాసన ఆ వస్త్రానికి ఒక గుర్తుగా మిగులుతుంది. ఒకప్పుడు చిరివేరు నుండి తీసిన ఆ ఎరుపు, పందొమ్మిదవ శతాబ్దం చివరికి రసాయన శాలలో తయారైన అలిజరిన్‌కు చోటిచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు అనే మూడు వన్నెలతోనే రుమాలు అంతా నడుస్తుంది.

ఈ విద్య సారం నేతకు ముందే నూలుపై బొమ్మను సిద్ధం చేయడంలో ఉన్నది. పోగులను కట్టలుగా పేర్చి, రంగు అంటకూడని చోట గట్టిగా చుట్టి కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, వేరొక చోట కట్టి, మరొక రంగులో ముంచుతారు. నల్లగొండలో దీనిని చిటికి కట్టడం అంటారు, తెలుగునాట పాగడుబంధు అనే పేరూ ఉన్నది. లోకమంతా వాడే ‘ఇకత్’ అనే మాట కట్టడం అనే అర్థమిచ్చే మలయా క్రియ నుండి వచ్చినది. పడుగులోనో పేకలోనో ఒక్కదానిలోనే కట్లు వేస్తే పని కొంత సులువు. రెండింటిలోనూ కట్టి, మగ్గంపై నిలువుపోగు మీది ఎరుపు చుక్క అడ్డపోగు మీది ఎరుపు చుక్కతో సరిగ్గా కలిసేలా నేయడాన్ని జంట ఇకత్ అంటారు. గుజరాత్‌లోని పాటన్ పటోలా, నల్లగొండ తేలియా, జపాన్‌లోని కొన్ని కసూరి రకాలు, ఇండోనేషియాలోని బాలి ద్వీపపు ఒక పల్లె నేత తప్ప ప్రపంచంలో ఈ పని చేసేవారు అరుదు. ఒక్క పోగు జరిగితే గీత చెదురుతుంది. ఎంత జాగ్రత్తగా కట్టినా రంగు కట్టు కిందికి కొద్దిగా పాకుతుంది గనుక బొమ్మ అంచులు ఈకల్లా చెదిరినట్టు ఉంటాయి, ఆ చెదురే ఈ బట్టకు అందం.

ఇంత కఠినమైన లెక్కల మధ్య స్వేచ్ఛకు చోటెక్కడ అనిపించవచ్చు. కాని 1930ల నాటి రుమాళ్లలో చుక్కలు, చదరాలు, పువ్వుల సరసన ఏనుగులు, సింహాలు, గడియారాలు, విమానాలు కనిపిస్తాయి. అప్పుడే ఆకాశంలో కొత్తగా ఎగురుతున్న విమానాన్ని పోగుల లెక్కలోకి దించాలంటే దానిని ముందు చిన్న చిన్న చదరాలుగా మనసులో విడగొట్టాలి, ఏ చదరం ఏ కట్టలోని ఎన్నో పోగు మీద పడుతుందో తేల్చుకోవాలి. ఆ పని చేసినవారి పేర్లు ఎక్కడా రాసి లేవు. వారు బడికి పోయి బొమ్మలు గీయడం నేర్చినవారు కారు. అయినా చూసినదానిని తమ విద్య వ్యాకరణంలోకి అనువదించగలిగారు. వ్యాకరణం వేళ్లలో అంత గట్టిగా నిలిచిన తరువాతనే ఆ అనువాదం సాధ్యమైంది.

అటువంటి రుమాళ్లు కొన్నే ఎందుకు మిగిలాయి అన్నదానికి సమాధానం నేతగాని పద్దులో ఉన్నది. నూలు ఇచ్చేది షావుకారు, నమూనా చెప్పేది షావుకారు, నేసిన బట్టకు కూలి కట్టేదీ అతడే. చిటికి పనిలో తప్పు వెంటనే బయటపడదు. కట్టిన రోజున అది కనిపించదు, రంగులో కనిపించదు, మగ్గానికి ఎక్కి నాలుగు వేళ్ల నేత పడిన తరువాతనే తెలుస్తుంది. ఒక పడుగు ఒక్క చీరకు కాక అనేక చీరలకు సరిపడా ఒకేసారి తయారవుతుంది గనుక ఒక తప్పు కట్టు అన్ని చీరలలోనూ మళ్లీ మళ్లీ పలుకుతుంది. కొత్త నమూనా అంటే మొదట కొన్నిసార్లు తప్పు కట్టడమే. ఆ తప్పు ఖర్చును భరించలేని మనిషి ఎంతటి ప్రతిభ ఉన్నా పాత నమూనాకే కట్టుబడతాడు. కాబట్టి నేతలో కళాశిక్షణ చరిత్రను చదివేటప్పుడు ఎవరు ఏమి నేర్పారు అన్నదానికంటే ముందు, తప్పు ఖర్చును ఏ కాలంలో ఎవరు భరించారు అని అడగడం సబబు.

పాలమూరు వైపు ఆ ఖర్చును కొంతకాలం సంస్థానాలు భరించాయి. సంస్థానం అంటే నిజాం ప్రభువుకు పేష్కషు, అంటే కప్పం, చెల్లిస్తూ తన ప్రాంతాన్ని తానే పాలించుకునే చిన్న రాజ్యం. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు అలాంటివి. కార్తిక, మాఘ మాసాలలో పండిత సభలు జరిపి కవులను సత్కరించినందుకు గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు వచ్చింది. నేతగాళ్లను కాశీకి పంపి జరీ పని నేర్పించినదీ సంస్థానమేనని గద్వాలలో ఒక కథనం తరతరాలుగా వినవస్తున్నది. కథనం మాట ఎలా ఉన్నా, గద్వాల చీర నిర్మాణమే దూరదేశపు విద్యను సొంతం చేసుకున్న తీరుకు సాక్ష్యం. ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ కలపడానికి కుప్పడం అనే పద్ధతిని వాడతారు: అంచు పేక, ఒంటి పేక వేర్వేరు నాడెలతో వచ్చి, కలిసే చోట ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని వెనక్కు మళ్లుతాయి, అందువల్ల ఒక మగ్గంపై ఇద్దరు కూర్చుని ఒకరి చేతికి ఒకరు అందిస్తూ నేయవలసి వస్తుంది. కొంగు మొదలయ్యే చోట నూలు పడుగు పోగులకు పట్టు పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో పురిపెట్టి అతుకుతారు. కాశీ పట్టుచీరలో బట్ట అంతా పట్టే గనుక అక్కడ ఈ అతుకుల సమస్యే లేదు. ఎండలు మండే పాలమూరు గడ్డపై నూలును వదులుకోకుండా పట్టు మెరుపును చేర్చాలన్న ఆలోచన స్థానికులది.

గద్వాలలో ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు సమర్పించే ఏరువాడ జోడు పంచెలు ఈ ప్రాంతపు శిక్షణలోని మరొక కోణాన్ని చూపుతాయి. 11 గజాల పొడవు, 15 అంగుళాల అంచు గల ఆ పంచెలను సంస్థాన కాలపు ఆచారాన్ని అనుసరించి దీక్ష పట్టిన నేతగాళ్లు నియమంతో నేస్తారు. కొలత మారదు, అంచుమీది నమూనాల లెక్క మారదు. ఇక్కడ సొంత గొంతుకు చోటు లేదనిపిస్తుంది. అయినా సంగీతంలో గురువు ముందు ఒకే వర్ణాన్ని ఏళ్ల తరబడి సాధన చేసినవాడికే రాగం చేతికి చిక్కినట్టు, ఒకే కొలతకు ఏటా కట్టుబడే ఈ పని వల్ల చేతికి వచ్చే నిలకడ ఇతర మగ్గాలపై చేసే ప్రయోగాలకు పునాది అయింది. నారాయణపేటలో గళ్ల చీర కూడా అంతే. ఒంటినిండా గళ్లు, గుడి గోపురపు మొనల్లాంటి అంచు అనే కట్టడి లోపలే వన్నెల మేళవింపు మనిషి మనిషికీ మారుతుంది.

ఇక్కడ సంస్థానాలు నడుస్తున్న కాలంలోనే బ్రిటిష్ ఇండియాలో కళావిద్య మరొక దారి పట్టింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో నెలకొల్పిన బడితో మొదలై కలకత్తా, బొంబాయిలలో వెలిసిన కళాశాలలు పాశ్చాత్య పద్ధతిలో బొమ్మ గీయడాన్ని చదువుగా, మగ్గం పనిని కూలిగా విడదీశాయి. 1866లో బ్రిటిష్ అధికారి ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు నేతబట్టల 700 ముక్కలను 18 సంపుటాలలో అంటించి పంచిపెట్టాడు. వాటిని చూసి మాంచెస్టర్ మిల్లులు అటువంటి బట్టనే తయారు చేసుకోగలగడం ఆ సంపుటాల ఉద్దేశం. బట్టకు ఊరి పేరు ఉన్నది, కొలత ఉన్నది, బరువు ఉన్నది. నేసినవాడి పేరు లేదు. తలకూ చేతికీ మధ్య గీసిన ఆ గీతను చెరపాలన్న ప్రయత్నాలు 1919లో రెండు దూరప్రాంతాలలో ఒకేసారి మొదలయ్యాయి: జర్మనీలోని వైమర్‌లో బౌహౌస్, బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో కళాభవన్. బౌహౌస్‌లో గాజు పని నేర్వాలనుకున్న ఆనీ ఆల్బర్స్‌ను, ఆడపిల్ల కావడం వల్ల, నేత విభాగం వైపు మళ్లించారు. మొదట ఇష్టం లేకుండానే పోగు పట్టిన ఆమె ఇరవయ్యవ శతాబ్దపు గొప్ప నేత కళాకారిణిగా ఎదిగి, 1965లో నేతపై వెలువరించిన తన గ్రంథాన్ని ప్రాచీన పెరూ నేతగాళ్లకు, వారే తన గురువులని చెప్పి, అంకితమిచ్చింది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం చేతిపని చుట్టూ చదువును అల్లాలన్నది. ఆ ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షుడైన జాకిర్ హుసేన్ హైదరాబాదులో పుట్టినవాడు కావడం తెలుగు పాఠకులకు గుర్తుండదగిన సంగతి.

నల్లగొండ పల్లెలలో మార్పు 1948లో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో చేరిన తరువాత వచ్చింది. నేత సహకార సంఘాలు బలపడి, నూలు అప్పు కోసం షావుకారు గడప తొక్కవలసిన అవసరాన్ని కొంత తగ్గించాయి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పాదయాత్రతో భూదాన ఉద్యమం పుట్టి పోచంపల్లి పేరు దేశానికి తెలిసింది. 1950ల మధ్యకాలంలో ఆ ఊరివారు ఇద్దరు యువకులను కాశీకి పంపి పట్టు నేత నేర్పించారు. నూలు చిటికికి అలవాటుపడిన చేతులకు పట్టు ఒక కొత్త భాష. అది జారుతుంది, రంగును వేరుగా పీలుస్తుంది, కట్టు బిగువు కూడా మారాలి. వెళ్లినవారు కాశీ జరీని తెచ్చి ఇక్కడ నాటలేదు, పట్టును తెచ్చి దానిపై తమ చిటికిని కట్టారు. అంతవరకు రుమాలుగా, నూలు చీరగా ఉన్న విద్య పట్టుచీర అయింది, పటోలా నమూనాలను చూసి నేర్చుకున్న పక్షులు, ఏనుగులు, చదరాలు పోచంపల్లి వన్నెలలో తిరిగి పుట్టాయి. చదువుకోడానికి పరాయి ఊరు పోవడంలో ఉన్న మేలు ఇది: తనకు తెలిసినది ఏమిటో అక్కడే తెలిసివస్తుంది.

1956 నుండి కేంద్ర ప్రభుత్వం చేనేత సేవా కేంద్రాలను తెరిచింది. పుపుల్ జయకర్ ప్రేరణతో వెలసిన ఈ కేంద్రాలలో నేతగాళ్లతో పాటు చిత్రకారులు ఉద్యోగులుగా పనిచేయడం విశేషం, కె.జి. సుబ్రహ్మణ్యన్ బొంబాయిలో, ప్రభాకర్ బర్వే కాశీలో, జోగెన్ చౌదరి మద్రాసులో కొంతకాలం ఆ ఉద్యోగాలు చేసినవారే. హైదరాబాదులో నెలకొన్న కేంద్రం తెలంగాణ మగ్గాలకు గ్రాఫు కాగితాన్ని, కొలతకు కట్టుబడే రంగుల పద్ధతిని చేరువ చేసింది. గ్రాఫు కాగితం చిన్న వస్తువే అయినా చిటికి పనిలో అది తెచ్చిన మార్పు పెద్దది. అంతకు ముందు నమూనా పెద్దవాని మనసులో ఉండేది, అతడు పోతే అతడితో పోయేది. కాగితంపైకి వచ్చాక ఒక గడి ఒక పోగుల కట్టకు గుర్తు అయి, బొమ్మను తిప్పి చూడడం, సగం తీసి మరొకదానికి చేర్చడం, కట్టకముందే తప్పు పట్టుకోవడం సాధ్యమైంది. నూలు పాడు చేయకుండా తప్పు చేయగల చోటు అదే మొదటిది.

అయితే ఆ కేంద్రాలలో ఒక పాత లోపం కూడా వెంట వచ్చింది. కాగితంపై గీసేవాడు చిత్రకారుడు, దానిని బట్టలోకి దించేవాడు నేతగాడు అన్న పంపకం చాలాచోట్ల స్థిరపడి, హంటర్ కాలపు గీతనే మరొక రూపంలో నిలబెట్టింది. చిత్రకారుడు నేర్చుకున్నంత ధారాళంగా నేతగాడికి గీత నేర్పిన సందర్భాలు తక్కువ. ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాదులో వెలసిన జాతీయ రూపకల్పన సంస్థ దేశానికి ఎందరో మంచి రూపశిల్పులను ఇచ్చింది. మగ్గం గుంటలోంచి లేచి అలాంటి తరగతి గదికి నడిచినవారిని మాత్రం వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఆ గీతను దాటిన ఊరు పుట్టపాక. సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఆ పల్లెలో గజం గోవర్ధన, గజం అంజయ్య గార్లు ఇంటి విద్యతో మొదలై, మరుగున పడుతున్న తేలియా పద్ధతిని తిరిగి చేతికి తెచ్చుకుని, జంట ఇకత్‌ను రుమాలు కొలత నుండి చీరకూ గోడకు వేలాడే వస్త్రానికీ విస్తరింపజేశారు. మొదటివారికి 2011లో, రెండవవారికి 2013లో పద్మశ్రీ లభించింది. వారు కాలానికి వేరుగా పనిచేసినవారు కారు. 1980లలో విదేశాలలో భారతోత్సవాలు జరిగినప్పుడు మార్తాండ్ సింగ్ నడిపిన విశ్వకర్మ ప్రదర్శనలు దేశమంతటి నేతగాళ్లను పాత వస్త్రాల సరసన కొత్త పని నిలపమని పిలిచాయి, అమ్ముడుపోతుందా లేదా అన్న బెంగ లేకుండా ఒక్క వస్త్రంపై నెలల తరబడి పని చేసే అవకాశాన్ని ఇచ్చాయి. చేతిలో ఉన్న విద్యకు అలాంటి తీరిక తోడైన చోట ఫలితం ఎలా ఉంటుందో ఆ కాలపు పని చూసినవారికి తెలుసు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరాలలో దాదాపు అంతరించిన విద్య, దానిని నేర్చుకున్న ఊరి విద్యగా నమోదు కావడం శిష్యుని ఇంట గురువు పేరు నిలవడం వంటిది.

ఈ చరిత్రలో ఆడవారి చోటు గురించి వేరుగా చెప్పక తప్పదు. చిటికి కట్టే ముందు పేక నూలును ఆసు పోయాలి, అంటే ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల వరుస గల చట్రంపై పోగును అటూ ఇటూ వరుస తప్పకుండా చుట్టాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది, చూపు మేకు మీద నుండి తప్పకూడదు. ఆ పని తరతరాలుగా తల్లులది. భుజం పడిపోయేది, కంటిచూపు మందగించేది. ఆలేరు ప్రాంతంలోని శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆరవ తరగతితో చదువు ఆగినవాడు, తల్లి లక్ష్మి పడే బాధను చూడలేక 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రాన్ని రూపొందించి దానికి ఆమె పేరే పెట్టాడు. అతనికి 2017లో పద్మశ్రీ వచ్చింది. చీరకు పట్టే ఆసు సమయం గంటన్నరకు తగ్గింది. మల్లేశం తల్లి చేయి కదిలే తీరును చూసి చూసి ఆ యంత్రాన్ని కట్టాడు గనుక అతని గురువు ఆ చేయే. అయినా మిగిలిన ఆ మూడు గంటలు నమూనా గీయడానికో కొత్త కట్టు ప్రయత్నించడానికో ఆ ఇళ్ల స్త్రీలకు చేరేలా చూసిన శిక్షణ ఏదీ యంత్రం వెంట రాలేదు. ఆసు పోసిన చేతిని సృజన లెక్కలోకి తీసుకోకపోవడం ఈ రంగంలో ఇప్పటికీ సాగుతున్న అన్యాయం.

పాత రూపంపై పట్టు చిక్కిన తరువాతనే సొంత గొంతు పలుకుతుందన్న సూత్రం నల్లగొండలో పాటలోనూ కనిపిస్తుంది. చేనేత కుటుంబంలో పుట్టిన సుద్దాల హనుమంతు హరికథ, యక్షగానం వంటి ఊరి కళారూపాలను నేర్చి, గొల్లలు చెప్పుకునే గొల్లసుద్దుల రూపాన్ని తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కొత్త మాటకు వాహనం చేశాడు. విన్నవారికి రూపం పాతదే, అందుకే చెవి ఇచ్చారు. అందులో పలికిన గొంతు మాత్రం హనుమంతుది.

గొంతుకు పేరు దక్కడం వేరే సంగతి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను వారి పేర్లతో, ఊళ్లతో లోకం ముందు నిలిపాడు. అదే జిల్లాల నేతగాళ్లకు అలాంటి సంచిక నేటికీ లేదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద పోచంపల్లి ఇకత్ 2005 నాటికి భౌగోళిక గుర్తింపు పొందింది, గద్వాల, నారాయణపేట చీరలు తరువాత పొందాయి. ఆ గుర్తింపు ఊరిది, సమష్టిది. మరమగ్గపు బట్టపై అచ్చువేసిన నకిలీ పోచంపల్లిని ఎదిరించడానికి అది అవసరం. కాని ఒక మనిషి ఏడాది పాటు కట్టి విప్పి సాధించిన నమూనా మరుసటి నెల మరొక చోట అచ్చయితే ఆ మనిషికి అది అండగా నిలవదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, ఆపై మరో అయిదేళ్లు రక్షణ దొరుకుతుంది. ఆ సంగతి మగ్గం మీద కూర్చున్న వారిలో ఎందరికి చెప్పారన్నది వేరే ప్రశ్న. నేత శిక్షణలో రంగులు, పోగుల లెక్కలతో పాటు ఇదీ ఒక పాఠం కావాలి.

తెలంగాణ విద్యార్థి చేనేత సాంకేతిక విద్య చదవాలంటే నిన్నమొన్నటి దాకా 1992లో నెలకొన్న వెంకటగిరి సంస్థకో, ఇంకా దూరానికో పోవలసి వచ్చేది. 2024లో హైదరాబాదులో, నేత సహకారోద్యమానికి జీవితం ధారపోసిన కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో భారత చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. అక్కడ చేరే పుట్టపాక, గద్వాల పిల్లలు వేళ్లలో విద్యను వెంట తెచ్చుకుంటారు, ఊరి పెద్దలు దానిని ముందే ఇచ్చారు. వారికి ఇంటి దగ్గర దొరకనిది కట్టి, ముంచి, విప్పి, చెడగొట్టి, మళ్లీ కట్టడానికి కావలసిన నూలు, ఆ నూలుకు లెక్క అడగని కాలం. ఆసు పోసే తల్లులకూ తరగతి తలుపు తెరిచి, పాడైన పడుగుల ఖర్చుకు తన పద్దులో ఒక వరుస కేటాయించడం ఆ సంస్థ చేయవలసిన మొదటి పని.